నమూనా అట్ట మీద ఆరో దారం

ఆ రోజు శోభ తడి చిలప ఎత్తలేకపోయింది.

మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానాలు నేసేవాళ్ల కోసం నూలుకు రంగు అద్ది ఇవ్వడం మా పని. మా నాయన చేశాడు, నేను చేస్తున్నాను. తొట్టిలో ముంచి తీసిన నూలు కట్టల్ని, అంటే చిలపల్ని, పిండి వెదురు బొంగుల మీద ఆరేయడానికి ఇంటిల్లిపాదీ చెయ్యి వెయ్యాల్సిందే. శోభ మాకు ఒక్కతే బిడ్డ. అప్పుడు పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. బడి నుంచి రాగానే సంచీ ఓ మూలకు పడేసి చిలపలు ఆరేయడానికి వచ్చేది. నాకంటే, మా ఆవిడ భారతి కంటే ముందు శోభ బొంగే నిండేది. అలాంటి పిల్ల డెబ్బైల చివర్లో ఒక వానాకాలం సాయంత్రం ఒక్క చిలపను సగం దాకా ఎత్తి మళ్లీ తొట్టిలోకి జారవిడిచింది.

"ఏమైందే?" అన్నాను.

"బరువుంది బాపూ."

"నిన్న లేని బరువు ఇయ్యాల యాడికెళ్లి వచ్చింది? పుస్తకాలు వట్టిన చేతులకు నూలు బరువే అయితది తియ్" అని ఎకసెక్కం చేశాను.

మామూలుగా అయితే నాకు నాలుగు అంటించి పోయేది. ఆ రోజు బిందె దగ్గరికి వెళ్లి నిలబడే మూడు చెంబుల నీళ్లు తాగింది. రంగు వేడికి దాహం అయిందేమో అనుకున్నాను.

తర్వాతి మూడు వారాల్లో పిల్ల మా కళ్ల ముందే కరిగిపోయింది. లంగా నడుము మీద నిలిచేది కాదు, భారతి రెండుసార్లు కుట్లు వేసింది. ఎంత తిన్నా ఆకలే, ఎంత తాగినా దాహమే. మా అమ్మ "పిల్లకు దిష్టి తాకింది రా" అని రోజూ దిగదీసేది. మా వాడకట్టులో మందులిచ్చే ఆయన నాడి చూసి, "ఎదిగే పిల్ల, నీరసం. బలం కావాలె" అని ఒక టానిక్ రాసి గ్లూకోజు నీళ్లు తాగించమన్నాడు. నేను గ్లూకోజు పొట్లాలు తెచ్చి, నా చేత్తో కలిపి, దగ్గర కూర్చుని తాగించాను. వద్దంటే బతిమాలి తాగించాను. ఆ గ్లాసులు ఇప్పటికీ నాకు కలలోకి వస్తాయి.

గ్లూకోజు మొదలుపెట్టిన పదో రోజు పొద్దున శోభ లేవలేదు. కళ్లు తెరిచి చూస్తోంది కానీ మాట రావడం లేదు. బావిలోంచి తోడినట్టు లోతుగా ఊపిరి తీస్తోంది. నోట్లోంచి మగ్గిన పండ్ల వాసన. రిక్షాలో వేసుకుని పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. పిల్లల వార్డులో ఒక డాక్టరమ్మ వంగి పిల్ల ఊపిరి వాసన చూసింది. వెంటనే యూరిన్ తీయించింది. ఆ తర్వాతే మా వైపు తిరిగింది.

"ఎన్ని రోజుల నుంచి నీళ్లు ఎక్కువ తాగుతోంది?"

"నెల అయితాందమ్మా."

"యూరిన్ షుగర్ ఫోర్ ప్లస్. కీటోన్స్ ఉన్నాయి. ఇది డయాబెటిక్ కీటోఅసిడోసిస్. పిల్లకు షుగర్."

"షుగర్ ముసలోళ్లకు వచ్చేది గద అమ్మా?"

"ఇది వేరే. జువెనైల్ డయాబెటిస్ అంటాం. ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది. బయటి నుంచి ఇంజెక్షన్ ఇవ్వాలి, రోజూ."

"ఎన్ని రోజులు?"

"బతికినన్ని రోజులు" అంది. భారతి గోడకు ఆనుకుని కూలబడింది. డాక్టరమ్మ ఆమె పక్కనే కూర్చుని, "అమ్మా, తిప్పి చెప్తాను వినండి. ఇన్సులిన్ ఇచ్చినన్ని రోజులు బతుకుతుంది. చదువుకుంటుంది, ఆడుకుంటుంది, పెళ్లి చేసుకుంటుంది" అంది. నాకు మొదటి మాటే వినిపించింది. రెండో మాట చెవిలోకి పోవడానికి ఏడాది పట్టింది.

రెండు వారాలు దవాఖానలో ఉన్నాం. గాజు సిరంజినీ సూదినీ నీళ్లలో మరిగించడం, సీసాలోంచి గీతల లెక్కన మందు లాగడం, తొడ మీద చర్మం పట్టుకుని పొడవడం నేర్పారు. నా వేళ్లకు ఎప్పుడూ రంగు ఉంటుంది, గోళ్ల కింద నీలం పోదు. ఆ చేతులతో సిరంజి పట్టుకుని పొడవలేకపోయాను. భారతి నా చేతిలోంచి లాక్కుని, పెదవి కొరుక్కుని తనే వేసింది. ఇంట్లో ఫ్రిజ్ లేదు కదా అంటే, తడి ఇసుక పోసిన కుండలో చిన్న డబ్బా పెట్టి అందులో సీసా ఉంచమన్నారు.

చివరి రోజు యూరిన్ పరీక్ష నేర్పారు. గాజు ట్యూబులో కొంచెం బెనెడిక్ట్ సొల్యూషన్ పోయాలి. అది నీలంగా ఉంటుంది. అందులో ఎనిమిది చుక్కల యూరిన్ వేసి మరిగించాలి. షుగర్ లేకపోతే నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చగా, ఇంకా ఉంటే పసుపుగా, తర్వాత నారింజ, మరీ ఎక్కువైతే ఇటుక ఎరుపు.

నా గుండె అన్ని రోజుల తర్వాత ఆ మాట దగ్గర కుదుటపడింది. ఇంజెక్షన్ నాకు రాదు, ఇంగ్లీషు రాదు. రంగులు వచ్చు. తొట్టిలో రంగు ఒక పిసరు తేడా ఉంటే పది అడుగుల దూరం నుంచి చెప్పగలను.

"అమ్మా, ఇది నా పనే. ఇగ మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాను. డాక్టరమ్మ నవ్వింది.

ఇంటికి వచ్చాక నేను చేసిన మొదటి పని నమూనా అట్ట కట్టడం. మా పనిలో నమూనా అంటే దేవుడి పటం లెక్క. జంపఖానాల వాళ్లు తెచ్చిన దారం ముక్కను ఒక అట్టకు కట్టి గోడకు వేలాడదీస్తాం. తొట్టిలో నూలు దానికి కలిసేదాకా తిప్పలు పడతాం. దవాఖానలో చూసిన ఐదు రంగులకు ఐదు దారాలు అద్దాను. నీలం దగ్గర చాలా సేపు పట్టింది. షుగర్ లేని యూరిన్ వేసి మరిగించినా అది సీసాలోని సొల్యూషన్ అంత తేటగా ఉండదు, కొంచెం మసక, కొంచెం పసరు కలిసినట్టు ఉంటుంది. నా యూరిన్‌తోనే నాలుగుసార్లు చేసి చూసి ఆ మసకను దారంలో పట్టాను. అట్టను వంటింటి కిటికీ పక్కన వేలాడదీశాను. మరుసటి నెల దాన్ని దవాఖానకు తీసుకెళ్తే డాక్టరమ్మ నర్సులందరినీ పిలిచి చూపించింది. నేను గర్వంతో ఉబ్బిపోయాను.

ఇంతవరకు చేసినదాంట్లో తప్పు లేదు. తప్పు ఆ అట్టను చూస్తూ నేను మాట్లాడిన మాటల్లో ఉంది.

రోజూ పొద్దున శోభ ట్యూబు తెచ్చి కిటికీ దగ్గర పట్టుకునేది. నీలం వస్తే నాకు ఆ రోజు పండగ. "శెబాష్ బిడ్డా, బంగారం" అని తల నిమిరేవాణ్ని. పచ్చ వస్తే ముఖం మాడ్చుకునేవాణ్ని. పసుపో నారింజో వస్తే ఇక కోర్టే. "ఏం తిన్నవ్? ఎవలింట్ల తిన్నవ్? నిజం చెప్పు." పిల్ల ఏమీ తినకపోయినా రంగు మారుతుందని, జలుబు చేసినా, పెరిగే వయసులో ఊరికే కూడా మారుతుందని డాక్టరమ్మ చెప్పింది. నా బుర్రకు అది ఎక్కలేదు. మా తొట్టిలో రంగు చెడితే ఎవరో ఒకరు తప్పు చేసినట్టే. ఎర్రటి రంగు వచ్చిన రోజు నేను అన్నం ముందు నుంచి లేచిపోయేవాణ్ని. నేను తినకపోతే భారతి తినదు. మా అమ్మ ఓ మూలన కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకునేది. పిల్ల ఒక్కతే లెక్క ప్రకారం పెట్టిన రెండు జొన్న రొట్టెలు, తల ఎత్తకుండా తినేది.

ఏడాది గడిచేసరికి శోభ తొమ్మిదిలోకి వచ్చింది, తనే ఇంజెక్షన్ వేసుకోవడం నేర్చుకుంది. ఆ ఏడు చలికాలం రాకముందే రెండు సంగతులు జరిగాయి. ఒకటి బడిలో. ఖోఖో ఆడుతుంటే చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడిపోయింది. షుగర్ తక్కువైంది, హైపో. టీచరు నోట్లో చక్కెర పోస్తే లేచింది. కానీ పిల్లలు ఫిట్స్ అనుకున్నారు. మర్నాటి నుంచి తన బెంచీ మీద ఎవరూ కూర్చోలేదట. ఆ మాట మాకు అప్పుడు చెప్పలేదు. ఆ రోజు నుంచి ఇంజెక్షన్‌లో కొంత మందు పొయ్యి బూడిదలోకి వదిలేయడం మొదలుపెట్టింది, మళ్లీ అందరి ముందు పడిపోకూడదని.

రెండోది సద్దుల బతుకమ్మ నాడు. ఆడవాళ్లంతా ఆడిపాడి, బతుకమ్మల్ని నీళ్లలో వదిలి, రొట్టె, బెల్లం నలిపి చేసిన మలీద పంచుకుంటున్నారు. శోభ చేతిలో కూడా ఎవరో రెండు ముద్దలు పెట్టారు. మర్నాడు పొద్దున ట్యూబు ఇటుక ఎరుపుకు వచ్చింది. నేను ఆ ట్యూబు పట్టుకుని వీధిలోకి వెళ్లాను. అవును, వీధిలోకి. "ఎవలు వెట్టిండ్రు నా బిడ్డకు మలీద? చూడుండ్రి, ఇదీ మీ మలీద!" అని అందరి వాకిళ్ల ముందూ ఆ ఎర్రని ట్యూబు తిప్పాను. శోభ తలుపు వెనక నుంచి చూసింది. పద్నాలుగేళ్ల ఆడపిల్ల యూరిన్‌ను పట్టుకుని ఊరేగించిన తండ్రిని నేను.

ఆ మరుసటి వారం నుంచి రోజూ నీలమే.

నా తిట్లు పనిచేశాయని అనుకున్నాను. భారతితో అన్నాను కూడా, "చూసినవా, జర గట్టిగ చెప్తేగాని దారికి రాలే" అని. నోటుబుక్కులో పేజీల నిండా నీలం, నీలం, నీలం. ఇంట్లో అందరం కడుపునిండా తిన్నాం.

ఇక్కడే నేను చెప్పడానికి సిగ్గుపడే ముక్క ఉంది. ఆ నీలం నా అట్ట మీది నీలం కాదు. మసక లేదు, పసరు లేదు. తేటగా, సీసాలోంచి అప్పుడే పోసినట్టు ఉంది. నా కన్ను అది మొదటి రోజే పట్టుకుంది. కిటికీ దగ్గర అట్ట పక్కన ట్యూబు పెట్టి చూసి, కలవట్లేదే అనుకున్నాను. వేరే ఎవరి నూలైనా అయితే మళ్లీ తొట్టిలో ముంచేవాణ్ని. కానీ ఆ నీలం నాకు కావాలి. అంత కావాలి కాబట్టి, పిల్ల ఒంట్లో షుగర్ బొత్తిగా లేకుండా పోయింది, అందుకే ఇంత తేటగా వస్తోంది అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుని ఊరుకోలేదు. అట్ట మీది పాత నీలం దారం విప్పి, గూట్లో పడేసి, కొత్త నీలానికి కలిసేలా ఇంకో దారం అద్ది కట్టాను. నూలు కలవలేదని నమూనాను మార్చిన అద్దకంవాడు మా వాడలో ఎవరూ లేరు. నేను మార్చాను.

పిల్ల మళ్లీ చిక్కుతోంది. నెల పరీక్షకు వెళ్తే డాక్టరమ్మ బ్లడ్ షుగర్ చేయించి, నోటుబుక్కు చూసి, కళ్లద్దాలు తీసింది.

"బ్లడ్‌లో షుగర్ చాలా ఉంది. మీ బుక్కులో అసలు లేదు. రెండింటిలో ఒకటి తప్పు."

"మీ లాబుల తప్పయి ఉంటదమ్మా. రంగు నేను నా కండ్లతోటి చూస్తాన."

"పరీక్ష చేసేటప్పుడు పక్కనే నిలబడండి, నాలుగు రోజులు."

"నా బిడ్డ దొంగ కాదు" అన్నాను. ఆ మాట శోభ ముందే అన్నాను. పిల్ల తల దించుకుంది. సిగ్గుపడింది అనుకున్నాను. ఆ నాలుగు రోజులు నేను పక్కన నిలబడలేదు.

శివరాత్రికి ముందు ఒక పొద్దున శోభకు జ్వరం, వాంతులు. ఆ రోజు కూడా ట్యూబు తేట నీలమే. మధ్యాహ్నానికి మళ్లీ ఆ లోతు ఊపిరి, ఆ మగ్గిన పండ్ల వాసన. అదే దవాఖాన, అదే వార్డు. ఈసారి పిల్లకు స్పృహ లేదు. నర్సు గొట్టం వేసి తీసిన యూరిన్‌తో డాక్టరమ్మ నా కళ్ల ముందే పరీక్ష చేసింది. ట్యూబు వేడెక్కుతుండగానే పచ్చ, పసుపు దాటి ఇటుక ఎరుపులో ఆగింది.

"పొద్దున నీలం వచ్చిందమ్మా" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. "నీళ్లు పోసినా నీలమే వస్తుంది" అంది.

బట్టలు తేవడానికి ఇంటికి వచ్చాను. వంటింట్లో ట్యూబు తీసి, సొల్యూషన్ పోసి, బిందెలోని మంచినీళ్లు ఎనిమిది చుక్కలు వేసి మరిగించాను. కిటికీ దగ్గరికి వెళ్లి అట్ట పక్కన పట్టుకున్నాను. నా కొత్త దారానికి వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. అంత బాగా కలిపాను.

మొదట నాకు కోపం వచ్చింది, దాచను. ఇంత మోసమా, కన్నతండ్రినా అని. ఆ కోపంతోనే అట్టను లాగి పారేయబోయాను. దాని వెనక గూట్లో పాత దారం కనిపించింది, ఆ మసక నీలం. పిల్ల నాకు అబద్ధం చూపించింది, నిజమే. ఆ అబద్ధానికి నమూనా కట్టి గోడకు వేలాడదీసింది మాత్రం నేను. వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చాను. మా అమ్మ వచ్చి "బిడ్డ వోయిందా రా?" అని గుండెలు బాదుకుంది. "లేదవ్వా, ఉన్నది. నేనే లేను" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు.

మూడో రోజు శోభకు తెలివి వచ్చింది. సెలైన్ ఎక్కుతున్న చేతిని పట్టుకుని కూర్చున్నాను. ఏమీ అడగకూడదని అనుకున్నాను కానీ నా ముఖం చూసి తనకే తెలిసిపోయింది.

"నీళ్లు పోసిన బాపూ."

"తెల్సు బిడ్డా."

"కొడతవా?"

"కొట్ట. ఎందుకు పోసినవో చెప్పు, చాలు."

కిటికీ వైపు తిరిగింది. "ఎర్ర వస్తే నువ్వు అన్నం తినవు. నువ్వు తినకపోతే అమ్మ తినది. నాయినమ్మ ఏడుస్తది. నీలం వస్తే అందరు తింటరు. అందరు తినాలని పోసిన."

పక్క మంచం సర్దుతున్న నర్సు చెయ్యి ఆగిపోయింది.

డిశ్చార్జి రోజు డాక్టరమ్మ మా ముగ్గురినీ కూర్చోబెట్టింది. బడిలో పడిపోయిన సంగతీ, మందు బూడిదలోకి వదిలిన సంగతీ అప్పటికే శోభ ఆమెకు చెప్పేసింది. శోభతో, "ఖోఖో మానొద్దు. ఆడే ముందు ఏదైనా తిను, జేబులో చక్కెర పెట్టుకో. కళ్లు తిరిగేలా ఉంటే సిగ్గుపడకుండా నోట్లో వేసుకో. మందు పారబోయడం కాదు, డోస్ ఎక్కువైందేమో నన్ను అడుగు, తగ్గించడం నా పని" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఈ వయసు పిల్లలకు షుగర్ అంటే భయం ఉండదు. మీరంటే ఉంటుంది. మీ పనిలో రంగు చెడిపోతే ఏం చేస్తారు?" అని అడిగింది.

"నీళ్లల్ల ఉప్పు తేడానా, మంట తక్కువైందా అని చూస్త."

"నూలును తిట్టరు కదా?"

ఇంటికి వచ్చాక కొత్త పద్ధతి పెట్టుకున్నాం. ట్యూబు ఏ రంగులో ఉన్నా సరే, అందరం తిన్నాకే దాని మాట. నేను ఒక్క ప్రశ్నే అడగాలి, "ఏం జరిగింది బిడ్డా?" జవాబు చెప్పడం చెప్పకపోవడం తన ఇష్టం. నోటుబుక్కులో రంగు పక్కన తను ఒక గడి గీసుకుంది. అందులో రాసేది: ఖోఖో ఆడిన. పరీక్ష ఉండె. జలుబు. దోస్తు పుట్టినరోజు, లడ్డూ సగం. ఊకెనే. ఆ "ఊకెనే" నన్ను మొదట్లో చాలా సతాయించింది. కారణం లేకుండా రంగు మారుతుందా అని లోపల ఉడికిపోయేవాణ్ని. నోరు మూసుకోవడం నాకు ఏ రంగు అద్దకం కన్నా కష్టమైంది. ఒకసారి ఎర్రని ట్యూబు చూసి అలవాటు ప్రకారం అన్నం ముందు నుంచి లేవబోతే, భారతి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "నువ్వు తిను. నువ్వు తింటేనే పిల్ల నిజం చెప్తది" అంది.

రెండు మూడు నెలలకు శోభే ఒక సంగతి పట్టుకుంది. గడులన్నీ చూసి, "బాపూ, ఖోఖో ఆడిన నాడు తెల్లారి నీలం వస్తాంది. ఆడని నాడు పచ్చ" అంది. నీలమంటే అదే, మసకది. ఆ మాట చెప్తున్నప్పుడు తన కళ్లు మెరిశాయి. డాక్టరమ్మ చెప్తే వినని పిల్ల, నేను తిడితే దాచిన పిల్ల, తన గడుల్లో తనే కనిపెట్టిన సంగతిని పట్టుకుని నిలబడింది. పదో తరగతిలో బడి ఖోఖో జట్టులో ఆడింది. జేబులో చక్కెర పొట్లం ఉండేది. దాన్ని దాచలేదు, దోస్తులకే చూపించి "నేను కండ్లు తేలేస్తే ఇది నోట్ల పొయ్యుండ్రి" అని చెప్పింది.

అంతా సాఫీగా పోయిందని చెప్పను. ఇంటర్ చదువుతుండగా ఒకసారి మళ్లీ దవాఖానలో పడింది. కాలికి దెబ్బ తగిలి నెల రోజులు మానలేదు. ఒక ఏడాది సూది అంటే విసుగు పుట్టి నాతో పదిహేను రోజులు మాట్లాడలేదు. "నీకేం, రోజూ పొడుచుకునేది నేను" అంది. నిజమే కదా.

ఇప్పుడు ఎనభైలు ముగిసిపోతున్నాయి. శోభ డిగ్రీ చదివి, దగ్గర్లోని బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్తోంది. ఏడాదికి ఒకసారి కళ్లు, కిడ్నీలు చూపించుకుంటుంది. సంబంధాలు వస్తున్నాయి. వచ్చినవాళ్లకు ఛాయ్ కన్నా ముందు సూది సంగతి చెప్పమంటుంది. కొందరు ఛాయ్ తాగకుండానే లేచిపోయారు. పోనీ అంటుంది. మా అమ్మ ఇప్పుడు లేదు. పోయే ముందు దాకా "నీ బిడ్డ నీకంటె ఎక్కువ బతుకుతది" అంటూనే ఉంది.

పోయిన నెల డాక్టరమ్మ శోభను దవాఖానకు రమ్మని కబురు చేస్తే నేనూ వెంట వెళ్లాను. నెక్కొండ నుంచి ఒక రైతు తన బిడ్డను తీసుకుని రైలులో వచ్చాడు. ఆ పిల్ల పేరు పద్మ, పదిహేనేళ్లు, ఇదే జబ్బు. మనిషి పుల్లలా ఉంది. తండ్రి నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టాడు. "చూడన్నా, నా బిడ్డ ఎంత మంచిగ పాటిస్తదో. అయినా మనిషి కోలుకుంటలేదు, ఏం చెయ్యాల్నో సమజైతలేదు." పేజీల నిండా నీలం, నీలం, నీలం. నేను పుస్తకాన్ని శోభ వైపు చాపాను.

శోభ ఆ పుస్తకం తీసుకోనైనా లేదు. పద్మ పక్కన బెంచీ మీద కూర్చుని, మెల్లగా అడిగింది. "నల్లా నీళ్లు పోస్తవా, బాయి నీళ్లా?"

పిల్ల అదిరిపడి చూసింది. శోభ మామూలుగా అంది, "నేనైతే బిందెల నీళ్లు పోసేదాన్ని." పద్మ ఫక్కున నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చింది. నేను ఆ రైతు భుజం మీద చెయ్యి వేసి, "రా తమ్మీ, ఛాయ్ తాగుదాం. నీకు ఒక అట్ట సంగతి చెప్పాలె" అని బయటికి తీసుకుపోయాను.

ఇదంతా నేను చెప్తుంటే రాసింది శోభే. నా భాష సాపు చేసింది, మలీద నాటి ముక్క మాత్రం నేను చెప్పింది చెప్పినట్టే ఉంచమన్నాను. తనూ ఒక మాట చేర్చమంది: దవాఖాన నుంచి వచ్చాక కూడా రెండుసార్లు నీళ్లు పోసిందట. రెండుసార్లూ సాయంత్రం లోపల తనే వచ్చి నాతో చెప్పింది. అది నాకు గుర్తుంది. ఆ రెండు రోజులూ నేను అన్నం తిన్నాను.

ఇంట్లో ఇలాంటి పిల్లలున్న అమ్మానాన్నలకు నేను చెప్పేది ఒక్కటే. పిల్ల ఎర్రని ట్యూబు తెచ్చి చూపించిన రోజు, ఇంకేమైనా అనే ముందు "నిజం చూపించినవ్, మంచిగ చేసినవ్" అనండి. అని, కూర్చుని అన్నం తినండి. మిగతాది ఆ తర్వాత డాక్టరును అడగవచ్చు.

అట్ట ఇప్పటికీ వంటింటి కిటికీ పక్కనే ఉంది. పాత మసక నీలం దారాన్ని మళ్లీ దాని చోట కట్టాను. తేట నీలాన్ని మాత్రం పారేయలేదు, పక్కనే ఆరో దారంగా కట్టాను. ఐదు దారాలు శోభ కోసం. ఆ ఆరోది నా కోసం.